పిల్లికి ఎవరూ విషం పెట్టలేదు

మా నాయనమ్మ పిల్లిని పెంచింది అనడం కన్నా, ఒక పిల్లి మా ఇంట్లో ఉండడానికి ఒప్పుకుంది అనడం సబబు. గాదె ఉన్న ఇంట ఎలుకలు తప్పవు, ఎలుకలున్న ఇంట పిల్లి తప్పదు. ఒక వేసవిలో ఆ పిల్లి మా అటక మీద నాలుగు కూనలను పెట్టింది. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవైపు నానుడి కదా; మా పిల్లి కూడా ఆ ఆచారాన్ని తప్పలేదు. అటక మీదినుండి పక్కింటివారి గడ్డివాములోకి, అక్కడినుండి వెనకవీధివారి కట్టెల కొట్టంలోకి, చివరకు మళ్ళీ మా ఇంటికి నోట కరుచుకుని తెచ్చుకుంది.

తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు ఒక కూన కక్కుకోవడం మొదలుపెట్టింది. నీళ్ళ మూకుడు ముందు తల వాల్చుకుని గంటల తరబడి కూర్చునేది, తాగేది మాత్రం కాదు. మర్నాటికి నీళ్ళవిరేచనాలు. నాయనమ్మ మజ్జిగ పట్టింది, దిష్టి తీసింది. మూడు రోజులలో మూడు కూనలు పోయాయి.

పక్కింటావిడకు, మా పిల్లికి పాలగిన్నె విషయంలో పాత తగాదా ఉంది. "ఆవిడే ఎలుకల మందు పెట్టింది" అని నాయనమ్మ తేల్చేసింది. ఆవిడ తులసికోట మీద ఒట్టు వేసినా ఈవిడ వినలేదు. రెండిళ్ళ మధ్య పదేళ్ళు మాటలు లేవు. శుభకార్యాలకు పిలుపులు కూడా పిల్లల చేత పంపించేవారు. ఆ రాయబారాలు నడిపిన పిల్లలలో నేనూ ఒకణ్ణి.

చాలా ఏళ్ళ తరువాత పశువైద్య చరిత్ర చదువుతుండగా ఒక మాట దగ్గర ఆగిపోయాను. పిల్లులకు వచ్చే ఒకానొక పేగు జబ్బు గురించి రాసినవారు తరచుగా చెప్పే సంగతి ఇది: కూనలు ఎంత హఠాత్తుగా పోతాయంటే, యజమానులు ఎవరో విషం పెట్టారనే అనుకుంటారట. మా కూనలను ఆనాడు పరీక్షించినవారు లేరు. కనుక అది ఆ రోగమేనని నేను ప్రమాణం చేయలేను. కానీ నీళ్ళ మూకుడు ముందు తల వాల్చడం దగ్గర నుండి ప్రతి లక్షణమూ ఆ పుస్తకాలలో ఉంది. ఆ రోగం చరిత్ర తవ్వుతూ పోతే, అది తప్పుడు ఫిర్యాదుల చరిత్ర కూడానని తెలిసింది. మన బ్లాగ్మిత్రులలో పిల్లులను ప్రేమించేవారూ, వైరస్‌ల కథలంటే చెవి కోసుకునేవారూ ఉన్నారు కనుక ఈ టపా.

* * *

ముందుగా పాల సంగతి తేల్చుకుందాం. పిల్లికీ పాలకీ మన కథలలో విడదీయరాని చుట్టరికం ఉంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగు బిడ్డ లేడు. కానీ తల్లిపాలు మానిన తరువాత పిల్లి పేగులో పాలచక్కెరను జీర్ణించుకునే రసం తగ్గిపోతుంది. కనుక ఆవుపాలో గేదెపాలో పోస్తే చాలా పిల్లులకు విరేచనాలు పట్టుకుంటాయి. అది బాధే గాని, ఇంటిల్లిపాది కూనలను మూడు రోజులలో ఊడ్చిపెట్టేటంత బాధ కాదు. అలా ఊడ్చిపెట్టేది వేరే ఉంది.

దానికి ఇంగ్లీషులో చాలా పేర్లుండేవి: ఫిలైన్ డిస్టెంపర్ అన్నారు, క్యాట్ ప్లేగ్ అన్నారు, ఇన్ఫెక్షస్ ఎంటిరైటిస్ అన్నారు. చివరికి నిలిచిన పేరు పాన్‌ల్యూకోపీనియా. ఇది గ్రీకు మాటల కూర్పు. పాన్ అంటే సర్వమూ, ల్యూకో అంటే తెల్లని, పీనియా అంటే పేదరికం. అంటే రక్తంలోని తెల్లకణాలన్నింటికీ వచ్చిన కరువు. పేగు జబ్బుకు రక్తం పేరు ఎందుకు పెట్టారన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు కాస్త ముందు వస్తుంది.

ఇరవయ్యవ శతాబ్దం తొలి పాదంలో అంటురోగం అనగానే సూక్ష్మదర్శినిలో కనబడే బాక్టీరియా కోసం వెదికేవారు. చచ్చిన పిల్లి పేగులో రకరకాల బాక్టీరియా కనబడేది. బతికున్న పిల్లి పేగులోనూ కనబడుతుంది! అందువల్ల నేరం ఏ దానిమీద మోపాలో తేలేది కాదు. 1928లో ఫ్రాన్సులో వెర్జ్, క్రిస్టొఫొరోనీ అనే ఇద్దరు రోగి పిల్లి నుండి తీసిన ద్రవాన్ని బాక్టీరియాను పట్టేసే వడపోత గుండా పంపి, ఆ వడపోసిన ద్రవం కూడా రోగాన్ని అంటించగలదని చూపారు. అంటే నేరస్థుడు జల్లెడకు దొరకనంత చిన్నవాడు, ఒక వైరస్. (దీనికి 'విషాణువు' అని తెలుగు చేసినవారున్నారు. నాకు ఆ మాట నచ్చింది. ఈ కథలో మరీను. విషం ఉన్నమాట నిజమే, అయితే అది అణువంత విషం. మనిషి పెట్టినది కాదు.)

పదేళ్ళ తరువాత అమెరికాలో రెండు బృందాలు ఒకరి దారి ఒకరిది కాకుండా ఇదే రోగం మీద పడ్డాయి. 1938లో లారెన్స్, సివర్టన్ అనేవారు పిల్లుల రక్తంలో తెల్లకణాలు మాయమవుతున్నాయని గమనించి, అది రక్తానికి సంబంధించిన రోగమనుకున్నారు. 1939లో హార్వర్డులో విలియం హామన్, జాన్ ఎండర్స్ అనేవారు పేగు గోడలోని కణాలను కోసి చూసి, వాటి కేంద్రకాలలో వైరస్ వదిలిన గుర్తులను కనిపెట్టారు, తెల్లకణాల కరువునూ నమోదు చేశారు. గుడ్డివాళ్ళు ఏనుగును తడిమిన కథ లాగా ఒకరికి రక్తం చిక్కింది, ఇంకొకరికి పేగు చిక్కింది. ఏనుగు మాత్రం ఒకటే.

ఈ జాన్ ఎండర్స్ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. హార్వర్డు విభాగంలో పెంచుతున్న పిల్లులు హఠాత్తుగా చచ్చిపోవడం ఆయన దృష్టిని వైరస్‌ల వైపు మళ్ళించిన సంఘటనలలో ఒకటి. అంతకు ముందు ఆయన పని ప్రధానంగా బాక్టీరియా మీద. తరువాత 1949లో ఆయన, వెల్లర్, రాబిన్స్ కలిసి పోలియో వైరస్‌ను నాడీకణాలు కాని కణజాలంలో పెంచి చూపారు. పోలియో టీకాకు తలుపు తెరిచినది ఆ పనే. 1954లో ముగ్గురికీ నోబెల్ బహుమానం వచ్చింది. తట్టు టీకా కూడా ఎండర్స్ చేతి చలవే. హామన్ కూడా పోలియో వైపే వెళ్ళి, 1951-52లో వేలాది పిల్లల మీద గామాగ్లోబ్యులిన్ పరీక్షలు నడిపాడు. నీళ్ళ మూకుడు ముందు తల వాల్చిన పిల్లికూనకూ, నేడు పోలియో లేకుండా నడుస్తున్న మనిషి బిడ్డకూ మధ్య ఇంత దగ్గర దారి ఉందని నేను ఊహించలేదు.

* * *

ఇప్పుడు ఇందాకటి ప్రశ్న. పేగు, రక్తం - ఈ రెండే ఎందుకు?

ఈ విషాణువు పార్వోవైరస్‌ల కుటుంబానిది. లాటిన్‌లో పార్వస్ అంటే చిన్న. నిజంగా చిన్నదే, వ్యాసం మిల్లీమీటరులో యాభైవేలవ వంతు. ఇంత చిన్న సంచిలో సామాను ఎక్కువ పట్టదు. చాలా వైరస్‌లు తాము జొరబడిన కణాన్ని పనికి పురికొల్పుతాయి. దీనికి ఆ స్తోమతు లేదు. ఆ కణం తనంత తానుగా విభజనకు సిద్ధపడే దాకా కాచుకుని ఉండి, అది తన కోసం తీసిన పనిముట్లను దొంగిలించి వాడుకుంటుంది. అంటే వంటిల్లు లేనివాడు పక్కింటి పొయ్యి రాజుకునేదాకా గుమ్మంలో కూర్చున్నట్టు.

కాబట్టి శరీరంలో ఎక్కడ కణాలు చకచకా విభజన చెందుతుంటాయో అక్కడే దీని దెబ్బ పడుతుంది. పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలను తయారుచేసే చిన్న చిన్న గుంటలు పేగు గోడ మొదట్లో ఉంటాయి. విషాణువు ఆ గుంటలనే కాల్చేస్తుంది. పై పొర అరిగిపోతుంది, కింది నుండి కొత్తది రాదు. తిన్నది ఒంటబట్టదు, ఒంట్లోని నీరు నిలవదు, పేగులోని బాక్టీరియా రక్తంలోకి దారి చేసుకుంటుంది. సరిగ్గా ఆ బాక్టీరియాతో పోరాడవలసిన తెల్లకణాలు పుట్టేది మూలుగలో. అక్కడా కణవిభజన జోరుగా సాగుతుంది గనుక అదీ కాలిపోయింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఘన మిల్లీమీటరు రక్తంలో అయిదారు వేల నుండి ఇరవై వేల దాకా తెల్లకణాలుంటాయి. ఈ రోగంలో అవి రెండు వేల కిందికీ, ముదిరితే రెండు వందల దాకా పడిపోవచ్చు. కోట గోడ కూలిన నాడే సైన్యమూ మాయమైనట్టు. చికిత్స లేని చిన్న కూనలలో పదింట తొమ్మిది దాకా చనిపోవచ్చునంటే ఆశ్చర్యం లేదు.

మూడవ చోటు ఇంకా దారుణం. కడుపుతో ఉన్న పిల్లికి ఈ రోగం సోకితే కడుపులోని పిల్లల చిన్నమెదడు దెబ్బ తింటుంది. పుట్టే ముందూ పుట్టిన కొత్తలోనూ అక్కడ కణవిభజన ముమ్మరంగా జరుగుతుంది. అటువంటి కూనలు తూలుతూ నడుస్తాయి, గిన్నె ముందు తల ఊపుతాయి. ఇది వంశంలో వచ్చిన లోపమని చాలాకాలం అనుకున్నారు. 1966లో కిల్హామ్, మార్గొలిస్ అనే పరిశోధకులు దాని వెనుక వైరస్ ఉందని చూపారు. పక్కింటావిడ మీద నింద వేసినట్టే ఇక్కడ తల్లి రక్తం మీద నింద వేశారన్నమాట. రెండు నిందలకూ ముద్దాయి ఒకరే.

* * *

విషాణువు పిల్లుల దగ్గరే ఆగలేదు. 1947లో కెనడాలోని ఫోర్ట్ విలియం ప్రాంతంలో మింక్‌ల పెంపకపు శాలలలో (మింక్ అంటే ముంగిస పోలిక గల జంతువు, దాని బొచ్చు కోసం పెంచుతారు) పిల్లలు పేగు జబ్బుతో కుప్పలుగా చచ్చాయి. 1949లో దాన్ని వర్ణించినవాడు ఫ్రాంక్ స్కోఫీల్డ్. ఈయన గురించి వేరే టపా రాయాలి. కుళ్ళిన గడ్డి తిని పశువులు రక్తం గడ్డకట్టక చనిపోతున్నాయని 1920లలో గుర్తించినది ఈయనే. ఆ దారిలోనే తరువాత వార్ఫరిన్ అనే మందు వచ్చింది. అది మొదట ఎలుకల మందుగా అమ్ముడుపోయింది! కొరియా స్వాతంత్ర్యోద్యమానికి అండగా నిలిచినందుకు ఆయన సమాధి సియోలులోని జాతీయ శ్మశానవాటికలో ఉంది. సరే, మన కథకు వద్దాం. మింక్‌ల జబ్బుకూ పిల్లుల జబ్బుకూ చుట్టరికం ఉందని 1952 నాటికి కెనడాలోనే తేలింది.

విషాణువును ప్రయోగశాలలో పెంచడం మాత్రం 1964 దాకా కుదరలేదు. అప్పుడు ఇంగ్లండులో జాన్సన్ అనే పశువైద్యుడు దాన్ని మొదటిసారి వేరు చేసి పెంచగలిగాడు. అది దొరికినది ఇంటి పిల్లిలో కాదు, ఒక చిరుతపులిలో. అంతకు ముందు టీకా కావాలంటే రోగంతో చచ్చిన పిల్లుల అవయవాలను నూరి, అందులోని విషాణువును చంపి తయారుచేసేవారు. అది అందరికీ సరిపడా తయారయ్యే పద్ధతి కాదు. కణజాలంలో పెంచడం చేతనైన తరువాత మంచి టీకాలు వచ్చాయి. ఈ రోగం విషయంలో టీకా పనితనం గొప్పది. టీకాలు వేసే చోట ఇది అరుదైపోయింది.

ఒక రోగాన్ని ఆపడం తెలిస్తే దాన్ని విడిచిపెట్టడమూ తెలుస్తుంది. దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ అనే ద్వీపం అంటార్కిటికాకు వెళ్ళే దారిలో సముద్రం మధ్య ఉంది. ఓడల మీద వచ్చిన చిట్టెలుకలు అక్కడి వాతావరణ కేంద్రంలో బెడదగా మారాయని 1949లో అయిదు పిల్లులను తెచ్చారు. శత్రువు లేని ద్వీపంలో ఆ అయిదూ 1977 నాటికి సుమారు మూడు వేల నాలుగు వందలయ్యాయి. నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెట్టే పెట్రెల్ పక్షులను ఏడాదికి నాలుగున్నర లక్షల దాకా అవి తింటున్నాయని లెక్క తేలింది. 1977లో కొన్ని పిల్లులకు ఈ విషాణువును అంటించి ద్వీపం మీద వదిలారు. 1982 నాటికి సుమారు ఆరు వందల పిల్లులు మిగిలాయి. మిగిలినవాటికి నిరోధకశక్తి రావడంతో ఆపైన రోగం మందగించింది. 1986 నుండి రాత్రిళ్ళు తుపాకులతో వేటాడి, 1991కి ఆఖరి పిల్లిని తుడిచిపెట్టారు.

పక్షుల పక్షాన చూస్తే ఆ పని తప్పలేదేమో. కానీ నాకు ఒక సంగతి మింగుడు పడదు. అయిదు పిల్లులను ఓడ ఎక్కించినవాడు మనిషి, మూడు వేల పిల్లుల పేగులలో నిప్పు పెట్టినవాడూ మనిషి. మా నాయనమ్మ అనుమానం ఒక్కచోట మాత్రం అక్షరాలా నిజమైంది: అక్కడ పిల్లులకు చావును మనుషులే పెట్టారు. పిల్లులు పోయాక ఆ ద్వీపంలో చిట్టెలుకలు పెరిగి, ఇరవై ఒకటవ శతాబ్దంలో ఆల్బట్రాస్ పక్షులనే కొరికి చంపడం మొదలుపెట్టాయి.

* * *

మారియన్ సంగతి జరిగిన మరుసటి ఏడే, 1978లో, ఇంకొక వింత జరిగింది. రెంటికీ సంబంధం లేదు గాని కాలం అలా కలిసింది. ప్రపంచంలో పలుచోట్ల కుక్కపిల్లలు వాంతులు, నెత్తుటి విరేచనాలతో చావసాగాయి. ఏ కుక్కకూ దీనికి నిరోధకశక్తి లేదు. ఏడాది రెండేళ్ళలో రోగం భూగోళమంతా చుట్టింది. మన దేశంలో 1980ల తొలినాళ్ళలోనే మద్రాసులో కనబడింది. మన ఊళ్ళలో కుక్కలను పెంచేవారు భయపడుతూ చెప్పుకునే "పార్వో" ఇదే. ఇది పిల్లి విషాణువు నుండి గాని, దానికి అతిదగ్గరి జ్ఞాతి నుండి గాని పుట్టింది. పై తొడుగులో వేళ్ళ మీద లెక్కించదగినన్ని మార్పులు జరిగాయి. వాటితో కుక్క కణాల తలుపుకు సరిపోయే తాళంచెవి తయారైంది.

అప్పుడూ ఫిర్యాదు మొదలైంది: పిల్లుల కోసం చేసిన టీకాలోని వైరసే తప్పించుకుని కుక్కలకు తగులుకుందని. అనుమానం సహజమే, కానీ జన్యువులను పోల్చి చూస్తే దానికి సాక్ష్యం దొరకలేదు. గ్రీసులో దాచి ఉంచిన 1974 నాటి కుక్కల రక్తంలోనే ఈ విషాణువు జాడ బయటపడింది. నిజానికి జరిగినది ఆ నిందకు తలకిందులు. కుక్కలకు సొంత టీకా తయారయ్యే దాకా పశువైద్యులు చేతికందిన పిల్లుల టీకానే కుక్కలకు వేసి ఎన్నో ప్రాణాలు కాపాడారు.

విషాణువు అడవికీ వెళ్ళింది. అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఐల్ రాయల్ అనే ద్వీపం ఉంది. అక్కడి తోడేళ్ళను శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా లెక్కపెడుతున్నారు. 1980లో యాభై ఉన్న తోడేళ్ళు 1982కి పద్నాలుగుకు పడిపోయాయి. నిషేధం ఉన్నా ఎవరో సందర్శకులు వెంట తెచ్చిన కుక్కతో పార్వో అక్కడికి చేరిందని భావిస్తున్నారు.

* * *

మళ్ళీ మా అటక దగ్గరికి వద్దాం. పిల్లికూన పుట్టిన తొలిరోజు తాగే ముర్రుపాలలో తల్లి తన నిరోధకశక్తిని అప్పుగా ఇస్తుంది. ఆ అప్పు రెండు మూడు నెలలలో తరిగిపోతుంది, కొన్నింటికి నాలుగైదు నెలల దాకా నిలుస్తుంది. అది బలంగా ఉన్నన్నాళ్ళూ టీకా వేసినా పట్టదు, తగ్గిన మరునాటి నుండి రోగం పట్టగలదు. ఈ సందును మూయడానికే కూనలకు ఆరు నుండి ఎనిమిదో వారంలో మొదలుపెట్టి, నాలుగు నెలలు దాటేదాకా మూడు నాలుగు వారాలకొకసారి టీకా వేస్తారు. కూనలు అటక దిగి ఊరు చూడడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ సందులోనే. విషాణువు మొండిది. రోగి పిల్లి మలంతో నేలకు అంటి, ఏడాది పాటు కూడా బతికి ఉండగలదు. సబ్బునీళ్ళకు, స్పిరిటుకు లొంగదు. బ్లీచింగు ద్రవానికి మాత్రం చస్తుంది. రోగం వచ్చాక విషాణువును చంపే మందు వాడుకలో లేదు. నీరు తగ్గకుండా సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, పేగు దాటి వచ్చే బాక్టీరియాకు మందు ఇచ్చి, పేగు మళ్ళీ మొలిచేదాకా ప్రాణం నిలబెట్టడమే వైద్యం. త్వరగా తీసుకువెళితే చాలా కూనలు బతుకుతున్నాయి.

ఏడిళ్ళు తిప్పే తల్లి తన పిల్లలను క్షేమం కోసమే తిప్పుతుంది. ఆ ఏడింటిలో ఏదో ఒక గడ్డివాములో, ఏదో కొట్టంలో, ఏ ఊరపిల్లో పోయినేడు వదిలిన విషాణువు కాచుకుని ఉండి ఉంటుంది. దానికి పక్కింటావిడ ఏం చేస్తుంది?

ఇప్పుడు నాయనమ్మా లేదు, ఆవిడా లేదు. ఇద్దరిలో ముందు పోయినది పక్కింటావిడ. ఆ రోజు మా నాయనమ్మ వాకిట్లో నిలబడి, ఎవరూ అడగకుండానే "పాపం, ఆ పిల్లి మాట నేను అనకుండా ఉండవలసింది" అంది. ఆవిడకు పార్వోవైరస్ తెలియదు, హార్వర్డు తెలియదు. సాక్ష్యం లేని నింద పదేళ్ళు మోసిన బరువు మాత్రం తెలిసింది. ఈ చరిత్ర అంతా అప్పుడు నా చేతిలో ఉండి ఉంటే, ఆ గోడ దూకి వెళ్ళి, పక్కింటి అరుగు మీద కూర్చుని, ఇద్దరికీ చదివి వినిపించేవాణ్ణి.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పిల్లి తగాదాలు ఉండే ఉంటాయి. వీలుంటే రాయండి.